మన చిన్న ఫోన్‌లో కూడా సరిగ్గ కనబడాలె



మా ఇంట్ల కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదలు. ఇప్పుడు హాస్టల్‌ల ఉండి వెబ్‌పేజీలు తయారుచేయడం నేర్చుకుంటున్న. ఒక్కో బటన్‌ను, ఒక్కో ఫారమ్‌ను వేరువేరు తెరల మీద కళ్లారా చూసి పరీక్షించడం అందులో ఒక పని. చాలామంది దీన్ని చిన్న పని అనుకుంటరు. నాకు అట్ల అనిపించదు.

ల్యాబ్ కంప్యూటర్ తెర పెద్దది, దాంట్ల అన్నీ బాగనే ఉంటయి. మనోళ్ల చేతిలో ఉండేది చిన్న ఫోన్. స్కాలర్‌షిప్ ఫారమ్‌ల "సమర్పించు" బటన్ తెర బయటికి పోయిందనుకోండి, ఆ పిల్లకు ఫారమ్ లేనట్టే.

క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, కంట్రోల్, షిఫ్ట్, ఎం కలిపి కొడితే ఫోన్ సైజు వస్తది. వెడల్పు 320 పిక్సెళ్లకు తగ్గించండి. అంత చిన్నగున్నా పక్కకు జరపకుండా చదవగలగాలని డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు చెప్తయి. తర్వాత లైట్ థీమ్, డార్క్ థీమ్ రెండూ చూడాలె. మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలె. చేను గట్టు మీద ఎండలో ఫోన్ చూసేటోళ్లకు ఇది చాలా అవసరం.

తెలుగుకు ఇంకో పరీక్ష ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎత్తులో మన ఒత్తులు తెగిపోతయి. అందుకే నేను "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటలు పెట్టి, అక్షరాలు 200 శాతం పెంచి చూస్త.

మన ఇండ్లల్ల ఫోన్లు ఎట్లుంటయో మనకు తెలుసు. ఈ పనిలో అది పనికొచ్చే తెలివే. కంప్యూటర్ కోర్సుల్లో ఉన్నోళ్లు దాన్ని తక్కువ చేసుకోకండి.