నీళ్ళు ముందే చేరిన ఊరు

బళ్ళారి గాంధీనగర్‌లో మా ఇంటి కుళాయి తిప్పితే వచ్చేది తుంగభద్ర నీరు. హొసపేట ఆనకట్ట దగ్గర ఎగువ కాలువలోకి మళ్ళి, అల్లీపుర చెరువులో ఆగి, శుభ్రపడి మా వీధికొస్తుంది. కాలువలకు మళ్ళగా మిగిలింది నది వెంట పోతుంది. మంత్రాలయం, కర్నూలు దాటి కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ దిగి అమరావతి గుడి మెట్లను తాకుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మా ఊళ్ళో ఎవరి నోట విన్నా ఆ పోయే నీళ్ళ మాటే. పోయే నీళ్ళు ఎక్కడికి పోతాయో ఒకసారి కళ్ళారా చూడాలని అప్పుడే అనుకున్నాను.

దారి వెతుక్కునే పని లేదు. మా స్టేషన్‌లో ఆగే బండి పేరే అమరావతి ఎక్స్‌ప్రెస్. సాయంత్రం ఎక్కితే గుంతకల్లు, నంద్యాల మీదుగా తెల్లారేలోపు గుంటూరులో దింపుతుంది. అక్కణ్ణుంచి అమరావతికి ముప్పై అయిదు కిలోమీటర్ల లోపే. రాజధాని అమరావతి అనుకొని పొరబడేవాళ్ళు చాలామంది. 2015లో శంకుస్థాపన జరిగిన కొత్త నగరం తూర్పున, కృష్ణ వెంటే దిగువన ఉంది. దానికి పేరు అరువిచ్చిన పాత ఊరు ఇది. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం.

ఊరిని రోడ్డు మీంచి కాక నీళ్ళ మీంచి చూడాలి. అమరేశ్వరుడి గుడి వెనక ఘాట్‌లో పడవలుంటాయి. క్రూయిజ్ అనే పెద్ద మాట వాటికి సరిపోదు గానీ, గంటసేపు కృష్ణ మీద తిప్పి తెస్తాయి. మా తుంగభద్ర మీద పడవలు తక్కువ, పుట్టీలే ఎక్కువ. కన్నడంలో తెప్ప అంటారు, పాత మాట హరగోలు. హంపి దగ్గర ఆ గుండ్రటి బుట్టలో గిరగిరా తిరిగినవాడికి ఇక్కడి నది వెడల్పు చూస్తే నోట మాట రాదు. ప్రవాహం తొందరపడదు. నడుమ ఇసుక మేటలు, ఎదుటి ఒడ్డున సన్నటి పచ్చగీత. ఎండ మా ఊరి ఎండే, కానీ రకం వేరు. బళ్ళారిలో పొడి ఎండ నెత్తిన మొట్టుతుంది. ఇక్కడ ఉక్కతో కలిసి ఒళ్ళంతా పట్టుకుంటుంది. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు రావడం మేలు, అదీ పొద్దున్నే.

"ఏ ఊరండీ మీది?" అన్నాడు పడవ నడిపే పెద్దాయన.

"బళ్ళారి."

"కర్ణాటకా? తెలుగు బానే మాట్లాడుతున్నారే!"

1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయినప్పటి నుంచీ ఈ మెచ్చుకోలు మాకు అలవాటే. "నీళ్ళు కూడా మావేనండీ," అన్నాను. ఆయన నవ్వి ఇంజను వేగం తగ్గించి పడమటి వైపు చెయ్యి చూపించాడు. "అదిగో, ధరణికోట."

చూస్తే అక్కడ ఏమీ లేదు. మట్టికోట గోడల దిబ్బలు, ఇళ్ళు, పొలాలు. కానీ శాతవాహనుల కాలపు ధాన్యకటకం అదే. 1962 నుంచి 1965 దాకా అక్కడ తవ్విన పురావస్తు శాఖవారికి నేల కింద ఒక రేవు బయటపడింది. గట్టి నేలను తొలిచి చేసిన పడవల కాలువ, దాని అంచున సరుకు దించుకునేందుకు కట్టిన గట్టు. మొదట కొయ్యతో వేసి, తర్వాతి కాలంలో ఇటుకతో కట్టారు. నదిలోంచి పడవ నేరుగా కోట పక్కకు వచ్చేదన్నమాట. సముద్రం ఇక్కడికి దగ్గరేమీ కాదు. అయినా దాని వ్యాపారం ఇక్కడిదాకా పాకింది. గ్రీకు భూగోళవేత్త టాలెమీ కృష్ణను మైసోలోస్ అన్నాడు. దిగువన డెల్టాలోని ఘంటసాలను కొంటకోస్సిల అనే వర్తక కేంద్రంగా రాశాడు. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది.

రేవు ఉన్నచోట డబ్బుంటుంది. ఆ డబ్బు ఎటు పోయిందో ఊళ్ళో మ్యూజియంలో కనిపిస్తుంది. చెక్కిన పల్నాటి సున్నపురాతి పలకలు తాపిన మహాచైత్యానికి, అంటే బౌద్ధ స్తూపానికి, దానాలిచ్చినవాళ్ళు రాజులొక్కరే కాదు. గృహపతులు, వర్తకులు, సుగంధ ద్రవ్యాలమ్మేవారు, భిక్షుణులు తమ పేర్లు రాతిలో చెక్కించుకున్నారు. నాకు నచ్చినవాడు విధికుడు, చర్మకారుడు. పూర్ణకుంభం చెక్కిన పలకను ఇంటిల్లిపాదితో కలిసి ఇచ్చాడు. తోలుపని చేసుకునే మనిషి పేరు దాదాపు రెండు వేల ఏళ్ళు నిలవాలంటే ఆ ఊళ్ళో సంపాదన ఎంతమందికి అందేదో ఊహించుకోవచ్చు. ఇక్కడి రాతి మీదే "నాగబు" అన్న మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. ఇప్పటిదాకా దొరికిన తొలి తెలుగు మాటగా దాన్నే చెబుతారు. నా తెలుగు బానే ఉందన్న పెద్దాయనకు ఆ సంగతి చెబితే, "అట్టాగా!" అని గట్టు వైపు కొత్తగా చూశాడు.

ఆ చైత్యం ఇప్పుడు గడ్డి మొలిచిన ఒక గుండ్రటి తిన్నె. ఊరివాళ్ళు దీపాలదిన్నె అనేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు రాళ్ళ కోసం ఆ దిన్నెను తవ్వారు. సంగతి తెలిసి 1797లో కల్నల్ మెకంజీ వచ్చాడు. 1845లో వాల్టర్ ఇలియట్ మళ్ళీ తవ్వించాడు. ఆ తర్వాత పలకలు మద్రాసు మ్యూజియానికి, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. రేవు ఊరి సరుకు చివరికి అట్లా సముద్రం దాటింది. అమరేశ్వరాలయం మాత్రం నిండుగా ఉంది. పంచారామాల్లో ఒకటైన ఈ గుడిలో తెల్లటి లింగం ఎంత ఎత్తంటే, అభిషేకానికి అర్చకులు పై అంతస్తుకు ఎక్కాలి.

మా వైపుతో ఈ ఊరి చుట్టరికం నీళ్ళతో ఆగలేదు. పల్లవ శివస్కందవర్మ నాలుగో శతాబ్దంలో ప్రాకృతంలో వేయించిన రాగిరేకులు రెండు చోట్ల దొరికాయి. గుంటూరు ప్రాంతపు మైదవోలులో దొరికినవి ధాన్యకటకంలోని అధికారికి ఇచ్చిన ఆజ్ఞ. నిన్నమొన్నటిదాకా మా జిల్లాలో ఉన్న హిరేహడగలిలో దొరికినవి సాతాహని రట్ఠం అనే సీమకు సంబంధించినవి. బళ్ళారి చుట్టుపక్కల నేలే ఆ సీమ. కాంచీపురంలో కూర్చున్న ఒకే మనిషి ఇటు రేవుకూ అటు మెట్టకూ ఉత్తరాలు రాశాడు. 2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర అనే బౌద్ధ దీక్షలు ఇచ్చినప్పుడు ఇంకో దారి తెరుచుకుంది. బుద్ధుడు కాలచక్రాన్ని ధాన్యకటకంలోనే బోధించాడని టిబెటన్ల నమ్మకం. లాసా దగ్గరి డ్రెపుంగ్ మఠం పేరుకు అర్థం వడ్లకుప్ప, అంటే ధాన్యకటకమే. ఆ మఠం వారసులు ఇప్పుడు కర్ణాటకలోని ముండగోడులో ఉన్నారు. అందుకే రేవంటే నీటి ఒడ్డు కట్టడమొక్కటే అనిపించదు నాకు. దాని వెనక ఎంత దూరపు నేల ఉందో అదంతా రేవే.

మరి ఆ పడవల కాలువ ఏమైంది? పూడిపోయింది. నది తెచ్చే ఒండ్రు ఏటేటా పేరుకుంది. నది మీది రేవులన్నిటికీ ఈ శత్రువు ఒకడే. స్పెయిన్‌లో ఎండకు పేరుపడ్డ సెవిల్ నగరం గ్వాదల్‌కివీర్ నది మీది రేవు. 1503 నుంచి స్పెయిన్ చేసే అమెరికా వ్యాపారమంతా దాని గుప్పిట్లో ఉండేది. నది మేటవేసి పెద్ద ఓడలు రాలేక, 1717లో ఆ పెత్తనం సముద్రపు ఒడ్డునున్న కాదిజ్‌కు పోయింది. సెవిల్‌కు ఇప్పటికీ క్రూయిజ్ ఓడలొస్తాయి. ధరణికోటకు గడ్డిమోపులొస్తాయి. ఇక్కడా ఆశ చావలేదు. 2008లో కృష్ణను జాతీయ జలమార్గం-4లో చేర్చారు. వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్ల ఆ దారి ఈ గుడి మెట్ల ముందు నుంచే పోతుంది.

పడవ దిగేటప్పుడు మునివేళ్ళు నీళ్ళలో ముంచి చూశాను. ఎండిన తర్వాత వేళ్ళకు సన్నటి మన్ను అంటుకొని ఉంది. మా పై ఊళ్ళ మన్ను ఇప్పుడు ఇంతదూరం ఎక్కువగా రావడం లేదు. తుంగభద్ర ఆనకట్ట కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105 చిల్లరకు తగ్గింది. ధరణికోట రేవును మూసిన ఒండ్రు ఈనాడు మా ఇంటికి సుమారు అరవై అయిదు కిలోమీటర్లలో, ఆనకట్ట వెనక, మడ్డిలా పేరుకుంటోంది. తిరుగు బండిలో ఆ లెక్కే వేసుకుంటూ కూర్చున్నాను. ఇంటికొచ్చి కుళాయి తిప్పి, బిందె నిండేదాకా అక్కడే నిలబడ్డాను.