రెండు వాకిళ్ల యిల్లు

లండను నగరమున స్పిటల్‌ఫీల్డ్సు పేటలో ఆర్టిలరీ లేన్ అను సన్నని సందు కలదు. అందలి 56వ నంబరు యింటి యెదుట నేనొకనాటి యుదయమున చాలసేపు నిలిచితిని. పదునెనిమిదవ శతాబ్ది నడుమ పట్టువర్తకుల కొఱకు సంస్కరింపబడిన యిల్లది. క్రింద అంగడి, మీద కాపురము. 2009లో అది చిత్రకళాప్రదర్శనశాలగా తెఱవబడినది.

అంగడి ముఖమున డోరిక్ స్తంభములు, వాని నడుమ విల్లువలె ముందునకు వంగిన రెండు కిటికీలు, కిటికీల నిండ చిన్నచిన్న అద్దపు పలకలు. ఆ కాలమున పెద్ద పలక చేయుట కష్టము. కరగిన గాజు నూది, గిరగిర త్రిప్పి, పళ్లెమువలె పఱచి, దానినుండి ముక్కలు కోసెడివారు. కిటికీ వంగియుండుటచే సందులో నడచి వచ్చువానికి ప్రక్కనుండియే సరకు కనబడును. అందముకంటె బేరమే యీ వంపునకు కారణమని నా యూహ.

అయినను నన్ను నిలిపినవి కిటికీలు గావు. వాని నడుమ అంగడి వాకిలి. ప్రక్కగా, అంతే మర్యాదతో తీర్చిన యింటి వాకిలి. మా నాయనగారి బట్టలకొట్టు మా వీథివాకిటనే యుండెడిది. వేఱు వాకిలి లేదు. కొట్టు తెఱచియున్నంతసేపు మా అమ్మ బేరగాండ్ర యెదుట పడరాదు. గుడికి పోవలసినను, పురిటింటికి పోవలసినను దొడ్డిదారిని, పెంటకుప్పల ప్రక్కగా పోవలసినదే. స్త్రీల హక్కులనుగూర్చి సభలలో మాటలాడిన నేను, ఒక్కనాడైనను “అమ్మా, ఇటు రమ్ము” అనలేదు. గోడలో ఒక తలుపు పెట్టించుట కెంత వ్యయము?

ఆ నాటి లండను గృహములు న్యాయమునకు నిలయములని నేననను. వంటపని నేలమాళిగలో, సేవకుల పడక పైకప్పు క్రింది అటకలో. 1696 మొదలు 1851 వఱకు కిటికీలకు పన్నుండుటచే పలువురు వానిని ఇటుకలతో మూసివేసిరి. స్పిటల్‌ఫీల్డ్సు నేతగాండ్ర అటకలకు మాత్రము వెడల్పైన కిటికీలు పెట్టిరి. ఆ వెలుతురు మనుష్యుల కొఱకు గాదు, మగ్గముల కొఱకు. ఆ నేతగాండ్రే 1719లో మన దేశపు అద్దకపు నూలుబట్టలు ధరించిన స్త్రీలను వీథులలో పట్టుకొని బట్టలు చింపిరి. రెండేండ్లకు అట్టి బట్టలు ధరించుటనే చట్టము నిషేధించెను. బట్టలకొట్టువాని కొడుకును గనుక ఈ సంగతి మఱవలేకపోతిని.

ఊరు చేరిన పిమ్మట తాపీమేస్త్రిని, వడ్రంగిని పిలిపించి, అరుగు కుడిప్రక్కను గోడ కొట్టించి తలుపు పెట్టించితిని. నాయనగారు అప్పటికే గతించిరి. అమ్మకు డెబ్బదియేండ్లు దాటినవి. మొదటి దినమున ఆమె ఆ గడప దాటి, వీథిలో కొంతసేపు నిలిచి, మరల దొడ్డిదారినే లోనికి వచ్చెను.