రాలిన చుక్కకు చీటీ

2019 ఏప్రిల్ 23 రాత్రి కోస్టారికాలోని అగ్వాస్ సర్కాస్ అనే ఊళ్లో రోకీ అనే కుక్క తన గూట్లో పడుకుని ఉంది. పైనుంచి ఒక రాయి దూసుకొచ్చి, రేకు కప్పుకు చిల్లు పెట్టి లోపల పడింది. కుక్కకు ఏమీ కాలేదు. మూడేళ్లు తిరక్కుండానే, 2022 ఫిబ్రవరిలో, క్రిస్టీస్ సంస్థ ఆ కుక్కగూటిని వేలానికి పెట్టింది. చిల్లు పడిన రేకూ పాత చెక్కలూ కలిపి 44,100 డాలర్లు పలికాయి. గూటిని కొట్టిన రాయి మాత్రం అంతకన్నా తక్కువకే పోయింది.

ఉల్కాశిలలు పోగుచేసేవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. ఇంటినో బండినో జంతువునో తగిలిన రాళ్లను వాళ్లు ‘హామర్’ అంటారు. వాటి గిరాకీయే వేరు. 1992 అక్టోబర్ 9న న్యూయార్క్ దగ్గరి పీక్‌స్కిల్‌లో పన్నెండు కిలోల రాయి ఒక పాత షెవర్లే మాలిబూ కారు డిక్కీని బద్దలు కొట్టింది. పాత ఇనుము కింద పోవలసిన ఆ కారు తర్వాత దేశదేశాల ప్రదర్శనలు తిరిగింది. ఆ సాయంత్రం బడి మైదానాల్లో ఫుట్‌బాల్ ఆటలు వీడియో తీస్తున్నవాళ్ల కెమెరాలకు నిప్పుబంతి కూడా చిక్కింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూడగా పడింది అన్నది అంత కచ్చితంగా తెలిసిన రాయి అరుదు. ఈ వ్యాపారంలో జనం డబ్బు పోసి కొనేది సగం రాయిని, సగం దాని కథని.

కథకు ధర ఉన్నమాట నిజమే గానీ, అది ఎవరి జేబులోకి వెళ్తుందో చెప్పలేం. 1954 నవంబర్ 30న అలబామాలోని సిలకాగలో ఆన్ హాడ్జెస్ అనే ఇల్లాలు సోఫాలో కునుకు తీస్తుంటే దాదాపు నాలుగు కిలోల రాయి కప్పు చీల్చుకుని వచ్చి, రేడియోకు తగిలి, ఆమె నడుము పక్కన కొట్టింది. చేటంత నల్లటి కమురు. రాయిని ముందు వైమానిక దళం పట్టుకుపోయింది. తర్వాత, ఇల్లు నాది కాబట్టి రాయీ నాదే అంటూ ఇంటి యజమానురాలు కోర్టుకెక్కింది. చివరికి 500 డాలర్లిచ్చి ఆమెతో రాజీ చేసుకునేసరికి జనానికి ఆసక్తి చల్లారిపోయింది. కొనేవాడు లేక రాయి కొన్నాళ్లు తలుపుకు అడ్డుగా కూర్చుంది. 1956లో హాడ్జెస్ దాన్ని మ్యూజియానికి ఇచ్చేసింది. ఆ దగ్గర్లోనే జూలియస్ మెకిన్నీ అనే నల్లజాతి రైతుకు దారిలో ఇంకో ముక్క దొరికింది. అతను గుట్టుగా ఉండి, లాయరు ద్వారా బేరం కుదుర్చుకుని, ఆ డబ్బుతో కారూ ఇల్లూ కొన్నాడు.

రాయి ఎవరిది అన్న తగవులో విలామెట్ ఉల్కాశిలను మించింది లేదు. బరువు 15 టన్నుల పైచిలుకు. 1902లో ఆరిగన్ అడవిలో ఎల్లిస్ హ్యూస్ అనే అతను దాన్ని చూశాడు. ఆ నేల ఒక ఇనుప కంపెనీది. హ్యూస్ ఎవరికీ చెప్పలేదు. చెక్కబండి కట్టి, గుర్రాన్ని పూన్చి, తాడు చుట్టే చట్రంతో రోజుకు కొన్ని గజాల చొప్పున మూడు నెలలు లాగి, ముప్పాతిక మైలు దూరంలోని తన చేలోకి చేర్చాడు. పైన పాక వేసి, చూడటానికి తలకు పావు డాలరు వసూలు చేయడం మొదలుపెట్టాడు. చూడటానికి వచ్చినవాళ్లలో కంపెనీ లాయరూ ఉన్నాడట. 1905లో ఆరిగన్ సుప్రీంకోర్టు రాయి కంపెనీదేనని తేల్చింది. కంపెనీ నుంచి ఒక సంపన్నురాలు 20,600 డాలర్లకు కొని న్యూయార్క్‌లోని అమెరికన్ సహజ చరిత్ర మ్యూజియానికి ఇచ్చింది. హ్యూస్ పడ్డ కష్టం చూస్తే జాలి వేస్తుంది. కానీ ఈ కోర్టు వ్యాజ్యంలో అసలు హక్కుదార్లు వేరే ఉన్నారు. క్లాకమస్ తెగవాళ్లు ఆ రాతిని టొమనోవాస్ అని తరతరాలుగా కొలిచేవాళ్లు. వాళ్ల వారసులతో మ్యూజియం ఒప్పందం కుదుర్చుకున్నది 2000లో. దానికి రెండేళ్ల ముందే మ్యూజియం ఆ రాయి నెత్తిన ఒక ముక్క కోయించి, చిన్న అంగారక శిల కోసం ఒక సేకర్తతో మార్పిడి చేసుకుంది. రాళ్లు మార్చుకునే అలవాటు ఔత్సాహికులకే కాదు, పెద్ద పెద్ద మ్యూజియాలకూ పాతదే.

ఈ అభిరుచికి అమెరికాలో అంకురం వేసింది కాన్సాస్ రాష్ట్రపు పల్లెలనవచ్చు. 1880ల చివర్లో ఎలైజా కింబర్లీ అనే రైతు భార్య చేలో నాగలికి తగిలే బరువైన నల్లరాళ్లను ఏరి కుప్పపెట్టేది. ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు. ఆమె మాత్రం పట్టు వదలకుండా పండితులకు ఉత్తరాలు రాసింది. 1890లో ఒక ప్రొఫెసర్ వచ్చి చూసి కొన్ని రాళ్లు కొన్నాడు. ఆ కుటుంబం అప్పుల్లోంచి బయటపడింది. బ్రెన్‌హామ్ అని పేరుపడ్డ ఆ రాళ్లను కోసి మెరుగుపెడితే ఇనుము మధ్య తేనెరంగు ఆలివిన్ స్ఫటికాలు అద్దాల్లా వెలుగుతాయి. ఆ చేలు ఇప్పటికీ గొడ్డుపోలేదు. 2005లో ఒక ఉల్కల వేటగాడికి మెటల్ డిటెక్టర్ సాయంతో అక్కడే 650 కిలోల ముద్ద దొరికింది.

అదే కాన్సాస్‌లో 1923 నవంబర్ 9 రాత్రి జీవశాస్త్ర పాఠాలు చెప్పే హార్వీ నినింజర్ ఒక నిప్పుబంతిని చూశాడు. దానితో ఆయన బతుకు దారే మారిపోయింది. ఉద్యోగం మానేశాడు. ఊరూరా తిరిగి రైతులకు ఉల్కాశిల చూపించి, ఇలాంటిది దొరికితే పంపండి, డబ్బిస్తాను అని చెప్పాడు. అరిజోనాలో సొంత మ్యూజియం పెట్టాడు. ఆయన సేకరణలో ఒక భాగాన్ని 1958లో బ్రిటిష్ మ్యూజియం 1,40,000 డాలర్లకు కొంది. మిగిలినది 1960లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చేరింది. ఆయన ప్రతి రాయి మీదా రంగుతో చిన్న అంకె వేసేవాడు. ఇప్పుడు ఆ అంకె చెరగకుండా ఉన్న ముక్కకు అదే చోట దొరికిన మరో ముక్క కన్నా ఎక్కువ ధర పలుకుతుంది. పాత మ్యూజియం చీటీ కూడా జతగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఏటా జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా అరిజోనాలోని టూసాన్‌లో జరిగే రత్నాల, ఖనిజాల సంతలో ఈ లోకమంతా ఒకచోట కనిపిస్తుంది. హోటల్ గదుల్లో మంచాలు పక్కకు జరిపి బల్లలు పరుస్తారు. గ్రాముల లెక్కన బేరాలు. మాటలు మాత్రం గంటల లెక్కన. నల్లటి కాలిన పొర తాజాదా, ఎండకు వెలిసిందా? బొటనవేలు నొక్కినట్టుండే గుంటలు అసలువేనా? గాలిని చీల్చుకుంటూ ఒకే ముఖంతో వచ్చిందా, దొర్లుతూ వచ్చిందా? ఇనుప ఉల్కను కోసి, మెరుగుపెట్టి, ఆమ్లం పూస్తే అడ్డదిడ్డంగా పట్టీలు తేలతాయి. లక్షల ఏళ్లపాటు అతి నెమ్మదిగా చల్లారిన లోహంలోనే ఆ అల్లిక పుడుతుంది. అందుకే నకిలీలు చేసేవాళ్లు అక్కడ చేతులెత్తేస్తారు. మామూలు మనిషి ఉల్క అనుకుని తెచ్చేది చాలాసార్లు కొలిమి చిట్టెమే. ఇక ఇనుప ముక్క ఇంటికొచ్చాక తుప్పు బెంగ. సిలికా జెల్ పొట్లాలు, నూనె పూతలు, వానాకాలంలో డబ్బా మూత తీయాలంటే భయం.

1990ల చివరి నుంచి ఈ సంత రూపు మార్చేసింది సహారా. లేత రంగు ఎడారి నేల మీద నల్లరాయి దూరం నుంచే కనబడుతుంది. పొడి గాలికి త్వరగా పాడవదు. సంచార జాతులవాళ్లు ఏరితే, మొరాకోలోని ఎర్ఫూద్ లాంటి ఊళ్ల వర్తకుల చేతుల మీదుగా అవి యూరప్, అమెరికాలకు వెళ్తాయి. చాలావాటి విషయంలో అవి ఏ దేశపు ఇసుకలో దొరికాయో తెలియదు. అందుకే వాటికి ఊరిపేరు కాక ‘నార్త్‌వెస్ట్ ఆఫ్రికా’ అంటూ ఒక సంఖ్య తగిలిస్తారు. అధికారికంగా పేరు రావాలంటే 20 గ్రాములో, మొత్తం బరువులో 20 శాతమో, ఏది తక్కువైతే అది, గుర్తింపు పొందిన సంస్థకు ఇవ్వాలి. మంచి నియమం. దీనివల్లే వర్తకుడికీ శాస్త్రవేత్తకూ పొత్తు కుదిరింది. ఎడారులు గాలించే డబ్బు విశ్వవిద్యాలయాలకు లేదు. పరీక్ష చేసే యంత్రాలు వర్తకులకు లేవు.

అయినా నష్టం లేకపోలేదు. 2011లో మొరాకోలో కొన్న ‘బ్లాక్ బ్యూటీ’ అనే అంగారక శిలలో 440 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ రేణువులున్నాయి. ఆ గ్రహపు పాత అయస్కాంత క్షేత్రం ఆనవాళ్లు అందులో దొరకాలి. తీరా చూస్తే ఉల్కో కాదో తెలుసుకోవడానికి ఎవరో అంటించిన బలమైన అయస్కాంతం ఆ ఆనవాళ్లను తుడిచేసిందని 2023లో పరిశోధకులు తేల్చారు. 2025 జూలైలో సదబీస్ న్యూయార్క్‌లో అమ్మిన 24.67 కిలోల అంగారక శిల రుసుములతో కలిపి సుమారు 53 లక్షల డాలర్లు పలికింది. అది నైజర్ ఎడారిలో దొరికింది. అక్కడి నుంచి ఎలా దాటిందని నైజర్ ప్రభుత్వం విచారణకు దిగింది. పత్రికల లెక్కలూ నమ్మలేం. 2020లో ఇండోనేషియాలో శవపేటికలు చేసే ఒకాయన ఇంటి రేకుల మీద రాయి పడితే, రాత్రికి రాత్రి కోటీశ్వరుడయ్యాడని ప్రపంచమంతా రాశారు. అతనికి ముట్టింది దాదాపు 14,000 డాలర్లు.

ఆ నైజర్ రాయి జాతి పేరు షెర్గొటైట్. ఆ పేరు 1865 ఆగస్టు 25న బీహార్‌లోని షెర్ఘాటీలో పడ్డ రాయి నుంచి వచ్చింది. మన దేశంలో ఈ మోజు మొగలుల నాటిదే. 1621లో జలంధర్ దగ్గర పడ్డ ఇనుమును జహంగీర్ మామూలు ఇనుముతో కలిపించి కత్తులు చేయించాడు. అందులో ఒక చురకత్తి వాషింగ్టన్‌లోని ఫ్రీయర్ గ్యాలరీలో ఉంది. తెలుగునేల పేరూ అంతర్జాతీయ జాబితాలో ఉంది: 1852 జనవరి 23న నెల్లూరు ప్రాంతంలో పడ్డ ‘యాటూర్’. 2022 ఆగస్టు 17న గుజరాత్‌లోని దియోదర్ ప్రాంతంలో పడిన రాయి ఆబ్రైట్ అనే అరుదైన రకం. మన దేశంలో అంతకుముందు అలాంటిది పడింది నెల్లూరు రాయి పడిన ఏడాదే, 1852లో, ఉత్తరాదిన బస్తీలో.

మళ్లీ మన ఊళ్లో చుక్క రాలితే? ఈ దేశంలో పడ్డ ఉల్కాశిలలను భద్రపరిచే అధికారిక సంస్థ జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. దాని దక్షిణ ప్రాంత ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. రాయిని కడగకండి, పసుపు కుంకుమలు పెట్టకండి, అయస్కాంతం ఆనించకండి. పడ్డచోటే ఫొటో తీసి, శుభ్రమైన అల్యూమినియం రేకులో చుట్టి, తడి తగలకుండా దాచి, తేదీ, వేళ, చోటు, చూసినవాళ్ల పేర్లు ఒక చీటీ మీద రాసి దానితో పాటు పెట్టండి. తర్వాత ఆ కార్యాలయానికి కబురు చేయండి.