ఎర్ర అక్షరాలు

స్టాటిస్టిక్స్ విద్యార్థికి ఈ రోజుల్లో రెండు భయాలు. ఒకటి పరీక్ష, రెండోది ఆర్. పరీక్ష సెమిస్టరుకొకసారి వచ్చి పోతుంది. ఆర్ మాత్రం ప్రతి ప్రాక్టికల్ క్లాసులోనూ ఎదురుగా కూర్చుంటుంది.

తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు. ఆర్ అనేది గణాంకాల కోసం పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అనే ఇద్దరు అధ్యాపకులు 1990ల తొలినాళ్ళలో దీన్ని మొదలుపెట్టారు. 1.0.0 కూర్పు 2000 ఫిబ్రవరి 29న వెలువడింది. ఎవరికి తోచిన లెక్కల పనిముట్లను వాళ్ళు మూటకట్టి క్రాన్ అనే ఉమ్మడి గిడ్డంగిలో పెడతారు. ఆ మూటే ప్యాకేజీ. ఇప్పుడక్కడ ఇరవై వేలకు పైగా ఉన్నాయి. పైసా ఖర్చు లేదు, తెచ్చుకొని వాడుకోవటమే.

ఆ తెచ్చుకోవటం దగ్గరే ఉంది తిరకాసంతా. ఇన్‌స్టాల్ అని ఆజ్ఞ ఇవ్వగానే తెరమీద ఎర్ర అక్షరాలు వరదలా దిగుతాయి. చిట్టచివర 'నాన్-జీరో ఎగ్జిట్ స్టేటస్' అని తీర్పు. మన పరీక్షల్లో సున్నా వస్తే తప్పినట్టు. కంప్యూటరు లోకంలో సున్నా వస్తేనే పాసు, ఇంకేది వచ్చినా ఫెయిలు! ఆ వాక్యానికి అంతకుమించి అర్థం లేదు. పని జరగలేదంటుందే గాని ఎందుకు జరగలేదో చెప్పదు.

పోయిన ఏడాది మా హాస్టల్లో ఒక మిత్రుడు, నాలాగే రైతుబిడ్డ, పదోతరగతి దాకా తెలుగు మీడియం, సెకండ్‌హాండ్ లాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్సు వేసుకొని ప్రాజెక్టు కోసం టైడీవర్స్ అనే ప్యాకేజీ తెచ్చుకోబోయాడు. మూడు రాత్రులు కూర్చున్నాడు. రాలేదు. ఆర్‌ను రెండుసార్లు తీసేసి మళ్ళీ ఎక్కించాడు. నాలుగోనాడు లాప్‌టాప్ మూసేసి, "మనలాంటి వాళ్ళకి ఇవి రావురా. డిగ్రీ అవగానే ఊరికి పోయి సేద్యం చేసుకుంటా" అన్నాడు.

ఆ మాట నాకు రెండు విధాల గుచ్చుకుంది. ఒక ప్యాకేజీ ఎక్కకపోతే వాడు తన ఊరినీ చదివిన బడినీ తప్పుపట్టుకున్నాడు. పైగా సేద్యాన్ని ఓడినవాడి ఆఖరి మజిలీ చేసేశాడు.

మా నాన్న చదివింది ఎనిమిదో తరగతి. బోరు మోటారు ఆడకపోతే "నేను రైతుగా పనికిరాను" అని ఆయన ఏనాడూ అనలేదు. ముందు కరెంటుందా, మూడు ఫేజులూ వస్తున్నాయా చూస్తాడు. తర్వాత ఫీజులు. తర్వాత స్టార్టరు డబ్బా. తర్వాత కేబులు. ఇవన్నీ చూశాకే బోరులోంచి మోటారు పైకి తీయించే మాట. దానికి మనుషులు కావాలి, డబ్బు కావాలి, రోజు పోతుంది. ఆర్‌ను తీసేసి మళ్ళీ ఎక్కించటమంటే మోటారు పైకి తీయించటమే. మనవాళ్ళు దానితోనే మొదలుపెడతారు!

ఆ రాత్రి ఇద్దరం కూర్చొని ఎర్ర అక్షరాలను కిందినుంచి పైకి చదువుకుంటూ పోయాం. టైడీవర్స్ ఎందుకు రాలేదు? దానికి కావలసిన హెచ్‌టీటీఆర్ రాలేదు గనుక. అదెందుకు రాలేదు? దానికి కావలసిన కర్ల్ రాలేదు గనుక. తీగ లాగితే డొంకంతా కదిలింది. కర్ల్ దగ్గర స్పష్టంగా రాసి ఉంది: లిబ్‌కర్ల్ ఈ యంత్రంలో దొరకలేదు, ఉబుంటు అయితే ఫలానాది వేసుకోండి అని. పేరుతో సహా! ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, ఎక్స్‌ఎంఎల్2 కూడా అదే పాట పాడాయి. వాటి మందూ వాటి పక్కనే రాసుంది. మూడూ వేశాక గంటకు పైగా పట్టింది గాని టైడీవర్స్ ఎక్కింది. మావాడు సేద్యం మాట మళ్ళీ ఎత్తలేదు.

మిగతా జబ్బులు చాలావరకు ఇంతకన్నా చిన్నవి. 'ఈ ఆర్ వెర్షనుకు ప్యాకేజీ దొరకదు' అంటే వెర్షన్నే అనుమానించకండి, ముందు పేరు సరిచూడండి. ఆర్‌కు పెద్ద ఏబీసీడీలు వేరు, చిన్న ఏబీసీడీలు వేరు. మాస్ అనే ప్యాకేజీని చిన్న అక్షరాల్లో అడిగితే దొరకదు. 'ఫోల్డరులో రాసే హక్కు లేదు' అంటే అది కాలేజీ కంప్యూటరు, దాని యజమాని మీరు కాదు. సొంత లైబ్రరీ పెట్టుకుంటావా అని ఆర్ అడిగితే అవునని చెప్పండి. లైనక్సులో ప్యాకేజీ సగం ఎక్కుతుండగా కరెంటు పోతే 00లాక్ అనే ఫోల్డరు మిగిలిపోయి మళ్ళీ ఎక్కనివ్వదు. దాన్ని తీసేస్తే సరి. విండోసులో సోర్సునుంచి కట్టాలంటే ఆర్‌టూల్స్ ఉండాలి, అదీ జోడు కుదరాలి: ఆర్ 4.4కు 44, 4.5కు 45. 'వేరే ఆర్ వెర్షనులో కట్టారు' అనేది ఎర్రగా కనిపించినా హెచ్చరికే, చాలాసార్లు పని ఆగదు. ఇంకొకటి, ఇన్‌స్టాల్ చేయటం విత్తనం కొని ఇంట్లో పెట్టుకోవటం, లైబ్రరీ అనటం విత్తటం. మొదటిది ఒకసారి చాలు, రెండోది ఆర్ తెరిచిన ప్రతిసారీ చెయ్యాలి.

మన సబ్జెక్టు పొలానికి పరాయిది కాదు. ఫిషర్ 1919లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరి, ఎరువుల లెక్కలు, గోధుమ మళ్ళ దిగుబడులు ముందేసుకునే మనం నేడు బట్టీపట్టే అనోవాకు రూపమిచ్చాడు. గోధుమ మడిలోంచి వచ్చిన శాస్త్రం రైతుబిడ్డకు రాదంటే నేనొప్పుకోను.

జూనియర్ మిత్రులారా! ఎర్ర అక్షరాలు మీ తెలివిమీద తీర్పు కాదు. స్టార్టరు మీద వెలిగే దీపం లాంటివి, ఎక్కడ చూడాలో చెబుతాయి. ఇంగ్లీషు అర్థం కాకపోతే డిక్షనరీ ఉంది, మా గది ఉంది, వచ్చి తలుపు తట్టండి. కాని వచ్చేటప్పుడు ఆ చివరి వాక్యం ఒక్కటే రాసుకు రావద్దు. పైకి వెళ్ళి మొట్టమొదటి తప్పు ఎక్కడ పడిందో ఆ వాక్యం రాసుకు రండి. సగం పని మీరే చేసుకొచ్చినట్టు.