కుంటిసాకు

నా బాల్యమునందు హిందూపురములో జట్కాలు తిరుగుచుండెను. ఒకనాఁటి వేకువను, ధర్మవరములో మా మేనత్తగారింటఁ బెండ్లికిఁ బోవుటకై, తండ్రిగారును నేనును జట్కా యెక్కి స్టేషనునకు బయలుదేఱితిమి. సగము దారిలో జట్కాసాయిబు కళ్లెము బిగఁబట్టి, "సామీ, గుఱ్ఱము లంగు చేయుచున్నది. ఇఁక తోలను" అని దిగెను. రైలు తప్పిపోవునని నాకుఁ గోపము వచ్చినది. "ఇది కుంటిసాకు" అంటిని. రౌతు మెత్తనైన గుఱ్ఱము మూఁడుకాళ్లఁ బరుగెత్తునను సామెతను గూడఁ జేర్చితిని.

సాయిబు మాఱుపలుకక, గుఱ్ఱమును పదియడుగులు నడిపించి, "చిన్నయ్యా, తల చూడు" అనెను. ముందటి కుడికాలు నేల నానినపుడెల్లఁ దల పైకి లేచుచుండెను. ఎడమకాలు ఆనినపుడు వంగుచుండెను. నొప్పికాలిపై బరువు పడకుండుటకై యది పడు పాట్లట. పిదప నా చేతిని బట్టి గిట్టలపై నుంచెను. ఎడమది చల్లగా నుండెను. కుడిది జ్వరము తగిలిన నుదురువలెఁ గాలుచుండెను. లాడపు మేకు లోఁతుగా దిగినదని యతఁడు చెప్పెను.

మూటలు మోసికొని నడచితిమి. రైలు వెడలిపోయినది. తరువాతి బండిలోఁ బోవఁగా, మేము చేరునప్పటికిఁ దలంబ్రాలు ముగిసినవి. దారిలోఁ దండ్రిగారు పెనుకొండ కోటను జూపి, 1565లో తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగరరాజులకు రాజధాని యైనది యిదే యనియు, వారు సముద్రముమీఁద నరబ్బు గుఱ్ఱములను దెప్పించుకొనెడివారనియుఁ జెప్పిరి. నన్ను మాత్రము కోపపడలేదు. అదియే నాకు దుస్సహముగా నుండెను.

పెద్దవాఁడనైన పిమ్మట నిఘంటువులు తిరుగవేసితిని. లంగు పారసీకపదము, 1405లో మరణించిన తైమూరును 'తైమూరు లంగ్' అనుట అతని కుంటినడకను బట్టియే. ఉర్దూలో 'లంగ్ కర్‌నా' యన్నచోఁ గుంటుట. సాయిబు దానినే తెలిఁగించి పలికెను. కుంటు అనునది తెలుఁగునను గన్నడమునను నొక్కటే. మా హిందూపురపు సంతలో దానికి అర్థము చెప్పనక్కఱలేదు. సంస్కృతమున ఖంజము. కాటుకపిట్టకు ఖంజనమను పేరు దాని నడకవలననే కలిగెనందురు. ఇన్ని మాటలు దొరకినను, కాలిన గిట్టమీఁదఁ జేయి నుంచినపుడు తెలిసినంత వీనిలో నేదియుఁ దెలుపలేదు.

ధర్మవరమునుండి తిరిగివచ్చునప్పటికి, స్టేషను బయట ఆ జట్కాయే నిలిచియుండెను. "ఎక్కు, చిన్నయ్యా. ఇప్పుడు తల చూడు" అని సాయిబు నవ్వెను. ఇల్లు చేరువఱకు నేను దాని తలనే చూచుచుంటిని. అది యెగసిపడలేదు.