ఇసుకలో రవ్వ, కొండమీద దూది

ఆరుబయట నిప్పు రాజేయడమనే పాత విద్యను గురించి ఆలోచించడానికి బరంపురంలోని లంజిపల్లి నాకు తగిన చోటుగా తోచింది. ఒక పక్క గోపాలపురం, ఛత్రపురం ఇసుక తీరం. మరో పక్క, 1992లో గంజాం నుంచి విడిపోయిన గజపతి జిల్లా సవర కొండలు. నిప్పుకు కావలసిన రెండు సరుకుల్లో రవ్వకు మూలం తీరాన ఉంది, ఆ రవ్వను పట్టుకునే దూది కొండమీద ఉంది. ఇప్పుడు అందరి మోజూ రవ్వ మీదే. ట్రెక్కింగుకు వెళ్లే కుర్రాళ్లు నల్లటి నిప్పుకడ్డీ కొని మెడలో వేసుకుంటారు, దాన్ని గీకితే రాలే వెలుగు చూసి పని అయిపోయిందనుకుంటారు. నా వాదన ఏమిటంటే, రవ్వ ఈ పనిలో తేలిక భాగం, దూదే అసలు విద్య.

ముందు తీరం సంగతి. ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ సంస్థ ఇసుక నుంచి ఇల్మెనైట్, జిర్కాన్, గార్నెట్లతో పాటు మోనజైట్‌ను కూడా వేరు చేస్తుంది. మోనజైట్‌లో థోరియం, సీరియం ఉంటాయి. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ గ్యాసు దీపాల మాంటిళ్ల కోసం థోరియం తీసుకోగా, సీరియం వంటి లోహాలున్న మడ్డి పనికిరాకుండా మిగిలిపోయేది. దానికో ఉపయోగం వెతుకుతూ ఆయన ఇనుము కలిపి చేసిన మిశ్రలోహమే ఫెర్రోసీరియం, 1903లో పేటెంటు పొందింది. నిప్పుకడ్డీ దీనితో చేసిందే, కిళ్లీకొట్టులో దొరికే చక్రం లైటరులోని చిన్న ‘రాయి’ కూడా ఇదే. చెకుముకిలో రాయి గట్టిది; అది ఉక్కును చెక్కుతుంది, రాలిన ఉక్కు పొడి గాలిలో మండుతుంది. నిప్పుకడ్డీ విషయంలో దాన్ని గీకే ఉక్కే గట్టిది. కడ్డీ అరిగి మండుతుంది. ఆ రవ్వ 3000 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుందంటారు.

అంత వేడి ఉన్నప్పుడు ఏ పీచైనా అంటుకోదా అని అడగవచ్చు. ఉష్ణోగ్రత ఎక్కువైనంత మాత్రాన వేడి ఎక్కువ ఉన్నట్టు కాదు. రవ్వ బరువు అతి స్వల్పం, ఆయువు రెప్పపాటు. పీచులో తేమ ఉంటే, ఉన్న కాస్త వేడీ ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. ఉప్పుగాలి వీచే గంజాం తీరంలో ఇది చిన్న అడ్డంకి కాదు. కొండ జనం దీనికి జీలుగు చెట్టులో జవాబు కనుక్కున్నారు. కల్లు కోసమే మనకు తెలిసిన ఆ చెట్టు మట్టల మొదళ్లలో గోధుమరంగు నూగు ఉంటుంది. మట్టల నీడన దాగి ఉండే ఆ నూగును గీరి, ఆరబెట్టి పొడిగా దాచుకుంటే చెకుముకి రవ్వకే కనకన రాజుకుంటుంది. మంట రాదు, నిప్పు మాత్రం మెల్లగా పాకుతుంది. దాన్ని ఎండుగడ్డి గూటిలో పెట్టి ఊదితే మంట లేస్తుంది, ఆ తరువాత చితుకులు, ఆపైన పుల్లలు. బూరుగుదూది తీరు వేరు: నిప్పుకడ్డీ రవ్వకు భగ్గుమంటుంది, చితుకులు అందుకునే లోపే బూడిదవుతుంది. కొబ్బరిపీచును అరచేతుల మధ్య నలిపి నూలుపోగుల్లా విడదీస్తేనే పనికొస్తుంది. ఏది భగ్గుమంటుందో, ఏది నిప్పును నిలుపుతుందో తెలియని చేతికి ఎంత ఖరీదైన కడ్డీ ఇచ్చినా దండగే.

అగ్గిపెట్టె ఉండగా ఇదంతా ఎందుకన్న ఆక్షేపణ ఇంకా గట్టిది. 2021 డిసెంబరులో రూపాయి నుంచి రెండు రూపాయలకు పెరిగినా దానంత చవకైన నిప్పు లేదు, నేనూ కాదనను. కానీ అగ్గిపుల్లను కాస్త పరీక్షగా చూడండి. పెట్టె పక్కనున్న ఎర్ర భాస్వరం, పుల్ల తలలోని పొటాషియం క్లోరేటు కలిసి రవ్వ పుట్టిస్తాయి. మైనం పట్టిన పుల్ల ఆ రవ్వను మంటగా నిలుపుతుంది. అంటే దూది కూడా కలిపే అమ్ముతున్నారు. లైటరులో ఆ పని గ్యాసుది. విద్యలో కష్టమైన సగాన్ని కంపెనీ చేసిపెట్టింది గనక అది ఉందన్న సంగతే మనం మరిచిపోయాం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పటిలాంటి వానలో అగ్గిపెట్టె నానిపోతే పుల్ల, మందు రెండూ పోయినట్టే. నిప్పుకడ్డీ తడిసినా తుడిచి గీకవచ్చు, నిజమే. పొడి దూది లేకపోతే మాత్రం ఆ గీకుడు కంటికి వేడుక, అంతే.

ఇక అడవి మాట. వేసవిలో ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద రాలుటాకులకు పెట్టే నిప్పు అదుపుతప్పి అడవులు తగలబడటం ఒడిశాలో కొత్త కాదు, అలాంటి చోట ఈ విద్యకు ప్రచారమా అనేవారిని తీసిపారేయలేను. మార్చి నుంచి తొలకరి దాకా కొండమీద దీన్ని నేర్పకూడదనే నా అభిప్రాయం. ఆ రోజుల్లో నేర్పినా ఏమంత వస్తుంది, ఆకులన్నీ రవ్వ కోసమే కాచుకుని ఉంటాయి. వానలు వెనకబట్టాక, ఏటి ఇసుక మీద, పక్కన నిండు బిందె పెట్టుకుని నేర్పాలి. చుట్టూ అంతా తడిగా ఉన్నప్పుడే పిల్లవాడు కడ్డీ పక్కనపెట్టి పొడి నూగు ఎక్కడ దొరుకుతుందా అని మట్టల కింద వెతకడం మొదలుపెడతాడు.