వాపోయింది, వివరించారు

ఉద్యోగ విరమణ పిమ్మట నాకు మిగిలిన వ్యసనాలు రెండు. ఒకటి కాఫీ, రెండవది దినపత్రికను ఎర్రసిరా కలంతో చదవడం. ముప్పైయేళ్ళకు పైగా పిల్లల వ్రాతపుస్తకాలు దిద్దిన చేయి కదా, ఊరకుండదు. మొదట్లో అచ్చుతప్పులు దిద్దేవాణ్ణి. వాటికి అంతు లేదని తెలిసివచ్చాక నా దృష్టి క్రియాపదాల మీదికి మళ్ళింది. మీ ఎదుట ఈనాటి పత్రిక ఉంటే జిల్లా పుట తెరిచి చూడండి. మంత్రిగారు ప్రకటిస్తారు. కలెక్టరుగారు ఆదేశిస్తారు. ప్రతిపక్ష నాయకుడు ధ్వజమెత్తుతారు. అధికారి వివరిస్తారు, లేదా స్పష్టం చేస్తారు. మరి రైతు? వాపోతాడు. కూలిమనిషి గోడు వెళ్ళబోసుకుంటుంది. తెలుగు పత్రికలలో పేదవాడు ఒక విషయాన్ని ‘వివరించగా’ నేను చూసిన సందర్భాలు బహు స్వల్పం.

నా ఉద్యోగం చివరి సంవత్సరాలలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మిరపకోతల కాలంలో మా పొదిలి, కనిగిరి మెట్టప్రాంతాల నుంచి కూలికుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు వలసపోవడం మీలో చాలామందికి తెలిసినదే. ఆ ఏడు అలా పోయి వచ్చినవారికి కూలి బాకీ పడింది. తహసీల్దారు కార్యాలయం ముందు కూర్చున్నారు. మరునాడు పత్రికలో వార్త వచ్చింది. అది పట్టుకొని తొమ్మిదవ తరగతి పిల్ల ఒకతె నా దగ్గరకు వచ్చింది. వార్తలో ఉన్నది వాళ్ళ అమ్మ.

“సార్, మా అమ్మ ఏడవలా. లెక్క చెప్పింది. ఏడ్చినట్టు రాశారేంది?”

ఆ తల్లి ఎన్ని కిలోల కాయ కోశారో, కిలోకు ఎంత మాట అనుకున్నారో, ఎంత చేతికి వచ్చిందో, ఎంత రావాలో వరుసగా చెప్పారట. పత్రికలో ఆ అంకెలు ఒక్కటీ లేవు. ‘కడుపు మాడ్చుకుని పనిచేశామని వాపోయింది’ అని ఉంది. దాని కిందనే ‘విచారణ జరిపిస్తామని తహసీల్దారు వివరించారు’ అని ఉంది. తహసీల్దారు కూడా స్త్రీయే. పిల్ల రెండవ ప్రశ్న అక్కడే వేసింది. “ఆమె కూడా ఆడమనిషే గదా సార్, ఆమెకు ‘రు’ పెట్టి మా అమ్మకు ‘ది’ పెట్టారెందుకు?”

నేను చిన్నయసూరిని చదివి పొట్టపోసుకున్నవాణ్ణి. 1858 నాటి బాలవ్యాకరణం ఈ ప్రశ్నకు సగం జవాబు చెబుతుంది. పురుషుని తెలిపేది మహద్వాచకం, స్త్రీని తెలిపేది మహతీవాచకం, తక్కినవన్నీ అమహద్వాచకాలు. ఏకవచనంలో మహతికీ అమహత్తుకీ క్రియ ఒక్కటే. అందుకే సీత వచ్చింది, గేదె కూడా వచ్చింది. బహువచనంలో మాత్రం స్త్రీ మహత్తు పక్షాన చేరుతుంది. స్త్రీలు వచ్చారు, గేదెలు వచ్చాయి. గౌరవం చూపవలసివచ్చినప్పుడు ఒక్క మనిషికే బహువచనం వాడతాం కాబట్టి తహసీల్దారుగారు ఒక్కరే అయినా ‘వివరించారు’. కూలిమనిషి ఒక్కతె అయితే ‘వాపోయింది’. ఆమెకు ‘రు’ రావాలంటే ఇంకొకరితో కలవాలి. ట్రాక్టరు బోల్తాపడిన వార్తలు గుర్తుకు తెచ్చుకోండి. ‘ముగ్గురు కూలీలు మరణించారు.’ అప్పుడు వస్తుంది ఆ ‘రు’.

వ్యాకరణం చెప్పని మిగతా సగం, ఎవరికి ఏ ప్రత్యయం పంచాలన్న నిర్ణయం. అది చేసేది వ్రాసేవాడు.

ఏకవచనం అగౌరవం ఎలా అవుతుందని మిత్రులు అడగవచ్చు. న్యాయమే. రాముడు వనవాసానికి వెళ్ళాడు అంటాం, వెళ్ళారు అనం. తిక్కన వ్రాశాడు అనడంలో లోటేమీ లేదు. ఆ పిల్ల కూడా వాళ్ళ అమ్మను ‘చెప్పింది’ అనే అన్నది. దానిలో ఉన్న చనువును ఏ ‘గారు’ ఇవ్వగలదు? నేను ఆ పిల్లను ‘వచ్చింది’ అని వ్రాయడమూ అలాంటిదే అనుకోండి. నా అభ్యంతరం ఏకవచనం మీద కాదు. ఒకే వార్తలో, ఒకే విషయం మీద మాట్లాడిన ఇద్దరు స్త్రీలకు రెండు ప్రత్యయాలు పడ్డాయే, దాని మీద. ఇంకొక విచిత్రం: అవినీతి కేసులో పట్టుబడిన అధికారి కూడా పత్రికలో ‘దొరికిపోయారు’. సైకిలు దొంగ ‘దొరికిపోయాడు’. నేరం చేసినా ‘రు’ ఊడదు, నిజం చెప్పినా ‘ది’ పోదు.

ఇంగ్లీషువారి సంగతి వేరు. వారి క్రియలకు ఈ బెడద లేదు. డ్యూకుకూ చాకలికీ ఒకే క్రియారూపం. వారి అంతస్తు అంతా ఉచ్చారణలో ఉంటుంది. 1926లో బీబీసీ ఉచ్చారణ విషయమై ఒక సలహాసంఘాన్నే నియమించింది. బెర్నార్డ్ షా అందులో సభ్యుడు, తరువాత అధ్యక్షుడు కూడా. 1941లో విల్‌ఫ్రెడ్ పికిల్స్ అనే ఆయన యార్క్‌షైర్ యాసలో జాతీయ వార్తలు చదివితే శ్రోతలు అభ్యంతరం చెప్పారు. పత్రికలూ టీవీలూ శ్రామికవర్గాన్ని ఎలా వెక్కిరిస్తున్నాయో చూపుతూ ఓవెన్ జోన్స్ 2011లో ‘చావ్స్’ అనే పుస్తకం వ్రాశాడు (మన చావుకూ దానికీ సంబంధం లేదు, అది అక్కడివారు పేదల పిల్లలను ఈసడించే మాట). అయినా షా నాటకం ‘పిగ్మాలియన్’లో పూలమ్మే ఎలైజా ఆరు నెలలు కష్టపడి నాలుక మార్చుకున్నది, విందులో దొరసానిగా చెల్లింది. నాలుక ఆమెది కనుక అది సాధ్యమైంది. మా పిల్ల తల్లి ఏ నాలుక మార్చుకుంటే ఆ ‘ది’ మారుతుంది? అది ఆమె నోట లేదు, వ్రాసేవాడి కలంలో ఉన్నది.

మన సినిమాకు రెండు జబ్బులూ ఉన్నాయి. 1938లోనే ‘మాలపిల్ల’కు తాపీ ధర్మారావుగారు వాడుకభాషలో సంభాషణలు వ్రాశారు, సంతోషం. కానీ తరువాతి చిత్రాలలో పాలేరు, పడవవాడు, పనిమనిషి మాట్లాడే ‘సెప్పండి బాబుగారూ’ భాష ఏ జిల్లాదో ఎవరైనా చెప్పగలరా? కొంత గోదావరి, కొంత ఉత్తరాంధ్ర, మిగతాది స్టూడియో. మా ఊరు ఒకప్పటి నెల్లూరు జిల్లాది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. పక్కనున్న మార్కాపురం కర్నూలు నుంచి వచ్చింది. ఈ కూడలిలో ‘యాడుండాడు’, ‘అట్టా గాదు’, ‘ఏందబ్బా’ అని కూలివాడూ అంటాడు, వందెకరాల రైతూ అంటాడు. సినిమాలో మాత్రం రైతు పుస్తకభాష మాట్లాడతాడు, పాలేరు ఒక్కడికే యాస. తెలంగాణ మాట చాలాకాలం హాస్యగాళ్ళకూ ప్రతినాయకులకూ పరిమితమైంది. 1985 నాటి ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావుగారి పాత్ర గుర్తుండే ఉంటుంది. గొప్ప నటన, అది వేరే మాట. 2017లో ‘ఫిదా’ కథానాయిక, 2023లో ‘బలగం’ కుటుంబం వచ్చాక అక్కడ కొంత గాలి మారింది. మెట్టప్రాంతం కూలిమనిషి ఇంకా స్టూడియో భాషే మాట్లాడుతున్నది.

ఇక పత్రిక సంగతి. నా దగ్గర చదువుకున్నవాడొకడు ఇప్పుడు మండల విలేకరి. పిలిచి అడిగాను. “నేను ‘చెప్పారు’ అనే రాసి పంపుతా సార్. డెస్కులో ‘వాపోయింది’ చేస్తారు. అది అలవాటైపోయింది వాళ్ళకు” అన్నాడు. కాసేపు ఆగి, దీనికి ఒక ఉపాయం కనిపెట్టానన్నాడు. వార్త పక్కన ఫొటోతో చిన్న పెట్టె కడతారు చూడండి. మనిషి చెప్పిన మాటలు, కింద ఒక గీత, పేరు, ‘మిరప కూలీ’ అన్న మాట, ఊరు. అందులో ‘అన్నారు’ ఉండదు, ‘అంది’ ఉండదు. అసలు క్రియే ఉండదు, మార్చడానికి.

ఇప్పుడు కూలివాళ్ళు చెప్పినదంతా ఆ పెట్టెలోకే పంపుతున్నాడట, అంకెలతో సహా. నాలుగు వాక్యాలకు మించి పట్టదట.